ఊరి సంగీత చరిత్ర కోసం పోగుచేసిన నోట్సు ఎలా సర్దుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ జిల్లాలో పద్యనాటకం, హరికథ, నాదస్వరం ఎలా నడిచాయో పుస్తకం రాద్దామని రెండేళ్ళుగా తిరుగుతున్నారు. ఫోన్‌లో నలభై దాకా ఇంటర్వ్యూలు, వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలు, కరపత్రాలు, మూడు నోటు పుస్తకాలు, ఒక సంచీడు క్యాసెట్లు పోగయ్యాయి. ఇప్పుడు రాద్దామని కూర్చుంటే ఏది ఎక్కడుందో దొరకడం లేదు. కళాకారుడి పేరుతో ఫోల్డర్లు పెట్టాలా, ప్రక్రియ పేరుతోనా, సంవత్సరాల వారీగానా, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి అని అడిగారు. తొంభై దాటిన హార్మోనిస్టు ఒకాయన ఉన్నారు, ముందు ఆయన్ని కలవాలా, ముందు ఉన్నది సర్దుకోవాలా అని కూడా అడిగారు.

రెండో దానికి జవాబు ఒక్క మాట: ఈ వారమే వెళ్ళి కలవండి. ఎలా వెళ్ళాలో చివర్లో చెబుతాను.

మొదటి దానికి: ఆ మూడు పద్ధతుల్లో ఏదీ వద్దు. ఆధారం వారీగా పెట్టండి. ఆ సమాచారం మీ చేతికి ఎవరి దగ్గర్నుంచి, ఏ రోజు, ఏ రూపంలో వచ్చిందో అదే దాని చోటు. ప్రతి ఆధారానికీ ఒక నంబరు ఇవ్వండి. ఒకసారి ఇచ్చిన నంబరు ఇక మారకూడదు. కళాకారుడు, ప్రక్రియ, ఊరు, సంవత్సరం, ఇవన్నీ ఒక పట్టికలో గళ్ళుగా ఉంటే చాలు, వాటికి ఫోల్డర్లు అక్కర్లేదు.

ఇది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నది. పదహారేళ్ళ కిందట మా ప్రాంతపు నాటక సమాజాల మీద పని మొదలుపెట్టినప్పుడు నేనూ కళాకారుడికొక ఫైలు పెట్టాను. ఒక్క కరపత్రం తీసుకోండి. అందులో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు (ఒకే పాత్రని వంతులుగా వేసేవాళ్ళు), సత్యభామ, హార్మోనిస్టు, ఆ నాటకం ఆడించిన కాంట్రాక్టరు, ఇంతమంది పేర్లుంటాయి. దాని జిరాక్సు అయిదు ఫైళ్ళలోకి వెళ్ళింది. ఆరు నెలలకి ఆ కరపత్రం మీద తేదీ నేను తప్పు చదివానని తెలిసింది. రెండు ఫైళ్ళలో దిద్దాను, మిగతా మూడూ మర్చిపోయాను. వాటిలో ఒక ఫైలు పట్టుకుని రాసిన వ్యాసం అచ్చయ్యాక ఒకాయన ఫోన్ చేశారు. "మా నాన్నగారు పోయిన రెండేళ్ళకి కృష్ణుడు వేశారని రాశారేంటండీ?" అన్నారు. ఆయన కోప్పడలేదు, నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం వారం రోజులు నిద్ర పట్టలేదు.

ముందు ఒక రిజిస్టరు తయారు చేయండి. ఒక షీటు చాలు. ఇంటర్వ్యూకి 'ము', కరపత్రానికి 'క', పత్రిక కోతకి 'ప', ఫోటోకి 'ఫో', క్యాసెట్‌కీ గ్రామఫోను రికార్డుకీ 'రి' అని పెట్టుకుని, పక్కన వరస నంబరు. ము-12 అంటే మీరు చేసిన పన్నెండో ఇంటర్వ్యూ, అంతే. నంబర్లో ఊరూ పేరూ ఇరికించకండి. నేను మొదట్లో ఊరి పేరు మొదటి అక్షరం కూడా కలిపాను. ఒకే అక్షరంతో మొదలయ్యే ఊళ్ళు నాలుగు తగిలేసరికి ఆ తెలివి బెడిసికొట్టింది.

రిజిస్టర్లో ఒక్కో వరసలో ఉండాల్సినవి: నంబరు, తేదీ, ఎవరిచ్చారు, అసలు ఎవరి దగ్గర ఉంది, నా దగ్గరున్నది అసలా నకలా, ఫైలు ఎక్కడుంది, వాడుకోవడానికి అనుమతి ఉందా. 'అసలు ఎవరి దగ్గర ఉంది' అన్నది చాలామంది రాసుకోరు. పుస్తకం అచ్చుకి వెళ్ళేటప్పుడు మంచి స్కాన్ కావాలంటే మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో సైజు తగ్గిపోయి వస్తుంది, తీసిన తేదీ వివరాలు కూడా పోతాయి. పంపినవాళ్ళని ఫోటోలా కాక డాక్యుమెంటుగా పంపమనండి, లేదా మీరే వెళ్ళి తీసుకోండి.

మీ నలభై ఇంటర్వ్యూల ఫైళ్ళనీ ఒక ఫోల్డర్లో పెట్టి ఇక దాన్ని ముట్టుకోకండి. కత్తిరించాలన్నా శబ్దం శుభ్రం చేయాలన్నా నకలు మీదే. ఈ విషయంలో నాకు తగిలిన దెబ్బ చెబుతాను. ఒక హరిదాసుగారి క్యాసెట్లు ఆరు డిజిటల్‌కి మార్చమని ఒక షాపులో ఇచ్చాను. వాళ్ళు ఎంతో శ్రద్ధగా గరగర తీసేసి, 'పాట లేని చోట్లు' కత్తిరించి ఇచ్చారు. ఆ పాట లేని చోట్లలోనే హరిదాసుగారు తన గురువు పేరు, ఆ కథ ఎక్కడ నేర్చుకున్నదీ చెప్పారు. క్యాసెట్లు ఇంకా నా దగ్గరే ఉన్నాయి కాబట్టి బతికిపోయాను.

తర్వాత చీటీలు. ఒక చీటీ మీద ఒకే సంగతి ఉండాలి. కాగితం చీటీ అయినా, షీట్‌లో ఒక వరస అయినా ఒకటే. నా చీటీ ఒకటి ఉన్నదున్నట్టు చూపిస్తాను, పేర్లు మాత్రం తీసేశాను.

చీటీ 317
ఆధారం: ము-12, 41వ నిమిషం 20వ సెకను
సంగతి: ఫలానా ఆయన ఫలానా ఊరి తిరునాళ్ళలో నక్షత్రకుడు వేశారు. హార్మోనియం పెట్టె లారీలోంచి పడి మీట విరిగితే రాత్రంతా ఆ స్వరం లేకుండానే వాయించారు.
చెప్పినవారి మాట: "ఆ మీట దగ్గరికొచ్చేసరికి నేను గొంతుతో అందుకునేవాణ్ణి"
ఎలా తెలుసు: చేశారు
కాలం: "ఉప్పెనకి ముందేడు" (అంటే 1976?)
నా అనుమానం: అదే తిరునాళ్ళకి క-44 లో హార్మోనిస్టు పేరు వేరే ఉంది

చెప్పినవారి మాటా, నా మాటా, నా అనుమానమూ వేర్వేరు గళ్ళలో ఉన్నాయి చూడండి. చాలామంది నోటు పుస్తకాల్లో ఈ మూడూ కలిసిపోతాయి. మూడేళ్ళ తర్వాత తిరగేస్తే "1976" అని పెద్దాయన చెప్పారా, నేను లెక్కేసుకున్నానా అని నాకే తెలియదు. కొటేషన్ గుర్తులు కేవలం నోటి మాటకే వాడండి. మిగతాదంతా మీ పదాల్లో రాసుకున్నా పరవాలేదు.

'ఎలా తెలుసు' అన్న గడిని మాత్రం ఖాళీ వదలొద్దు. నేను నాలుగే రాస్తాను: చేశారు, చూశారు, విన్నారు, చదివారు. ఏ ఊరెళ్ళినా పేరున్న నటుడెవరో ఆ ఊరి స్టేజీ మీద పద్యం పాడితే పదిసార్లు వన్స్‌మోర్ కొట్టారని చెప్పేవాళ్ళుంటారు. ఒక ఊళ్ళో ఇదే కథ నాకు అయిదుగురు చెప్పారు, అయిదు వేర్వేరు సంవత్సరాలతో. ఎలా తెలుసని గుచ్చి అడిగితే నలుగురూ వాళ్ళ నాన్న చెప్పగా విన్నారు. చూసినవాడు ఒక్కడే, అప్పటికి అతనికి ఆరేళ్ళు. అయిదు చీటీలూ రాశాను, ఏదీ కొట్టెయ్యలేదు. ఇప్పటికీ అది నా పుస్తకంలో "ఆ ఊరివాళ్ళు చెప్పుకునే సంగతి" గానే ఉంది.

కాలం గడి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర అసలు తలనొప్పి అంతా ఇక్కడే.

కరపత్రాల మీద తేదీ, వారం ఉంటాయి, సంవత్సరం ఉండదు. వేసినవాళ్ళకి అది వారంలో అయిపోయే పని, సంవత్సరంతో వాళ్ళకేం పని? నా దగ్గర క-71 అనే హరిశ్చంద్ర కరపత్రం ఉంది. "తేది 14-2, శనివారం రాత్రి" అని ఉంది. ఫిబ్రవరి 14 శనివారం వచ్చిన సంవత్సరాలు లెక్కేస్తే 1942, 1948, 1953, 1959, 1970 తేలాయి. టిక్కెట్టు ధరలు చూస్తే అణాల్లో ఉన్నాయి. దశాంశ నాణేలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు జనం నోట అణాలే నడిచాయి గానీ, మిగతా ఆనవాళ్ళు కూడా చూసి 1970 కొట్టేశాను, 1959 పక్కన అనుమానం గుర్తు పెట్టాను. ఇక మిగిలిన మూడింట్లో ఏది? ఆ నాటకంలో లోహితాస్యుడు వేసిన పిల్లవాడి పేరు అచ్చులో ఉంది. ఆయన తర్వాత్తర్వాత పేరున్న నటుడయ్యారు. ఆయన కుటుంబం చూపించిన బడి సర్టిఫికెట్లో పుట్టిన సంవత్సరం 1944. 1942కి ఆయన పుట్టనే లేదు. 1948కి నాలుగేళ్ళవాడు, ఆ పద్యాలు పాడలేడు. 1953కి తొమ్మిదేళ్ళవాడు, సరిపోయింది. చీటీలో మాత్రం "1953 (లెక్కించినది)" అనే రాశాను, దారి మొత్తం పక్కన రాశాను. బడిలో వేసిన పుట్టిన తేదీలు కూడా నమ్మడానికి లేదు. మేష్టారు వయసు సరిపెట్టి వేసేవారు. ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ జరిగినా 1953 నిలబడుతుందా అని చూసుకున్నాకే నమ్మాను.

కరపత్రం అడుగున ప్రెస్సు పేరుంటుంది, దాన్నీ రాసుకోండి. చిరునామాలో పిన్‌కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు 15 తర్వాతిదే. తాలూకా అని ఉంటే మండలాలు వచ్చిన 1985కి ముందుదయ్యే అవకాశం ఎక్కువ, కానీ ఖాయం కాదు. అలవాటు కొద్దీ తాలూకా అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

తెలుగు సంవత్సరాల దగ్గర నేనొకసారి బోల్తాపడ్డాను. ఒక పద్యాల నోటు పుస్తకం చివర "విజయ నామ సంవత్సర మాఘ శుద్ధ పంచమి నాటికి వ్రాయుట ముగిసినది" అని ఉంది. విజయ అంటే 1953 కదా అని 1953 వేసేశాను. ఆ విజయ 1953 మార్చిలో ఉగాదితో మొదలై 1954 ఏప్రిల్ దాకా నడిచింది. మాఘం వచ్చింది 1954 ఫిబ్రవరిలో. పుష్యం, మాఘం, ఫాల్గుణం కనబడితే ఆగి చూసుకోండి, ఇంగ్లీషు సంవత్సరం మారిపోయి ఉండవచ్చు. ఇంకోటి, ఇవి అరవై ఏళ్ళకొకసారి తిరిగొస్తాయి. విజయ 1893లోనూ వచ్చింది, 2013లోనూ వచ్చింది. కాగితం, సిరా, చేతిరాత చూసి ఏ చుట్టో తేల్చుకోవాలి.

చనిపోయిన తేదీ అడిగితే కుటుంబాలు తరచూ తిథి చెబుతాయి. ఏటా తద్దినం పెడతారు కాబట్టి తిథి మర్చిపోరు, సంవత్సరం మర్చిపోతారు. "సంవత్సరం గుర్తులేదండీ, కార్తీక బహుళ ఏకాదశి" అంటారు. దాన్ని అలాగే రాసుకోండి. సంవత్సరం ఇంకోచోట దొరికిన రోజున ఆ ఏటి పంచాంగం తీస్తే తేదీ తేలుతుంది. అది మంచి ఆధారం, పనికిరాదని పారెయ్యకండి.

నోటి మాటలో సంవత్సరం అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. "అప్పటికి మీకు పెళ్ళయిందా? పెద్దబ్బాయి పుట్టాడా? ఆంధ్రరాష్ట్రం వచ్చిందా?" అని అడగండి. ఆంధ్రరాష్ట్రం 1953 అక్టోబరు 1, ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1, దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. ఇలాంటివి ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకు వెళ్ళండి. రేడియో కూడా మంచి కొండగుర్తు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం మొదలైంది 1948 డిసెంబరు 1న. "1945లో విజయవాడ రేడియోలో పాడాను" అని ఎవరైనా అంటే వాళ్ళు అబద్ధమాడుతున్నారని కాదు. ఏడాదైనా తప్పయి ఉండాలి, కేంద్రమైనా మద్రాసు అయి ఉండాలి. మద్రాసు కేంద్రం 1938 నుంచీ ఉంది. ఇలాంటప్పుడు ఎదురు చెప్పకుండా రేడియోవాళ్ళు పంపిన కాంట్రాక్టు కాగితాలేమైనా ఉన్నాయా అని అడగండి. కళాకారులు వాటిని ట్రంకుపెట్టెల్లో అపురూపంగా దాచుకుంటారు. తేదీ, ప్రసార సమయం, అంశం, పారితోషికం అన్నీ అందులో ఉంటాయి. నా పనిలో అంత నికరమైన ఆధారం ఇంకోటి దొరకలేదు.

పేర్లకీ ఊళ్ళకీ విడిగా ఒక పట్టిక పెట్టండి. ఒక మనిషికి ఒక నంబరు, ఒక ఖాయమైన పేరు, పక్కన మిగతా రూపాలన్నీ. కరపత్రంలో బిరుదుతో సహా గజం పొడుగు పేరుంటుంది, ఇంట్లో ముద్దుపేరుంటుంది, ఊళ్ళో "కృష్ణుడి మేష్టారు" అంటారు. ఇంటిపేరు బదులు ఊరి పేరు తగిలించుకున్నవాళ్ళుంటారు. నటీమణుల పేర్ల ముందు ఒకసారి పుట్టింటి పేరు, ఒకసారి ఊరి పేరు ఉంటుంది. నాదస్వరం దగ్గర ఇంకో చిక్కు. పల్నాడు, ప్రకాశం ప్రాంతాల్లో నాదస్వర విద్వాంసులు చాలామంది షేక్ కుటుంబాలవారు. ఇంటిపేరుతో అకారాది పెడితే 'షేక్' కింద అందరూ ఒకేచోట పడతారు. అక్కడ సొంత పేరు, ఊరు, గురువు, ఈ మూడూ కలిపి చూస్తేనే మనిషి తేలుతాడు. 'నాదస్వరం', 'నాగస్వరం' రెండూ రాస్తారు కాబట్టి ఏదో ఒకటే మీ పట్టికలో వాడండి, లేకపోతే వెతికినప్పుడు సగమే దొరుకుతాయి. చెప్పినవారి మాటలో మాత్రం వాళ్ళు అన్నదే ఉంచండి.

ఊళ్ళకి 'అప్పటి జిల్లా', 'ఇప్పటి జిల్లా' అని రెండు గళ్ళు కావాలి. షేక్ చినమౌలానాగారినే తీసుకోండి. ఆయన 1924లో కరవదిలో పుట్టారు. అప్పుడది గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దాని పేరు ప్రకాశం అయింది. పాత పత్రికలో "గుంటూరు జిల్లా విద్వాంసుడు" అనీ, కొత్త వ్యాసంలో "ప్రకాశం జిల్లా" అనీ కనబడితే ఇద్దరు మనుషులనుకోకూడదు, ఒకటి తప్పు అనుకోకూడదు. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రలో 26 జిల్లాలయ్యాయి, తెలంగాణలో 2016 నుంచే జిల్లాలు మారిపోయాయి. మీ పుస్తకం మీ జిల్లా గురించి కదా, ఏ నాటి జిల్లా అన్నది ముందే తేల్చుకోండి. ఊళ్ళ ఎంపిక దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇంటర్వ్యూల సంగతి. నలభై ఇంటర్వ్యూలూ అక్షరం పొల్లు పోకుండా రాయాలని కూర్చోకండి. గంట రికార్డింగు రాయడానికి నాకు అయిదారు గంటలు పడుతుంది, అదీ ఆ యాస అలవాటున్న చోట. దాని బదులు నిమిషాల జాబితా రాయండి: "3:10 గురువు గురించి, 7:45 మొదటి వేషం, 12:00 పద్యం పాడారు, రెండు పాదాలు, 15:30 కాంట్రాక్టరుతో గొడవ." ఒకసారి వింటూనే ఇది అయిపోతుంది. పుస్తకంలో వాడే ముక్కలు మాత్రం తర్వాత పూర్తిగా రాసుకుంటే చాలు. ఫోనే రాసిపెట్టే సౌకర్యాలు ఇప్పుడున్నాయి, నేనూ వాడతాను. కానీ అవి రాగాల పేర్లూ ఊళ్ళ పేర్లూ ఎలా రాస్తాయో చెప్పలేం. వాటిని వెతుక్కోడానికే వాడుకోండి, అచ్చుకి కాదు.

పెద్దవాళ్ళు పాడిన చోట శ్రుతి, రాగం రాసుకోవాలని మనకి ఉబలాటంగా ఉంటుంది. రాగం వాళ్ళు చెబితే "వారు చెప్పినది" అని, మీ చెవికి తోస్తే "నాకు తోచినది" అని రాయండి. పాత క్యాసెట్ నుంచి శ్రుతి తేల్చడం ఇంకా ప్రమాదం. టేపు వేగం ఓ 6 శాతం తేడా వచ్చిందంటే శ్రుతి పూర్తిగా ఒక స్వరస్థానం జరుగుతుంది. "మా గురువుగారు అయిదున్నర శ్రుతిలో పాడేవారు" అని క్యాసెట్ విని వాదించుకున్న ఇద్దరు శిష్యుల మధ్య నేను ఇరుక్కున్నాను. తీరా చూస్తే ఇద్దరి దగ్గరా ఉన్నవి రెండు వేర్వేరు టేపురికార్డర్లలో ఎక్కించిన నకళ్ళు.

గ్రామఫోను రికార్డు దొరికితే లేబుల్ రెండువైపులా ఫోటో తీసి, మధ్యలో గీతల్లేని నున్నటి చోట చెక్కిన అంకెలు కూడా రాసుకోండి. టార్చి పక్క నుంచి వేస్తే కనబడతాయి. లేబుల్ మీదున్న నంబరు అమ్మకానిది, ఈ చెక్కినది ఆ రికార్డింగుది. ఒకే పద్యం రెండుసార్లు రికార్డయిందా, ఒకటే మళ్ళీ అచ్చేశారా అన్నది దీంతోనే తెలుస్తుంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల రికార్డు ఒక వైపు మూడు నిమిషాలకి కొంచెం అటూ ఇటూగా నడుస్తుంది. "రికార్డులో తాతగారు పావుగంట ఆలాపన చేశారు" అంటే అది కొన్ని రికార్డులు కలిపిన సెట్టు అయినా అయి ఉండాలి, స్టేజీ మీద విన్నది రికార్డు జ్ఞాపకంతో కలిసిపోయి అయినా ఉండాలి.

లైబ్రరీకి వెళ్ళి ఏమీ దొరక్క వచ్చిన రోజు కూడా రాసుకోండి. వేటపాలెం సారస్వత నికేతనం లాంటి చోట పాత పత్రికల సంపుటాలు తిరగేయడానికి రోజులు పడతాయి. "ఫలానా పత్రిక, ఫలానా నెలలు చూశాను, మా ఊరి నాటకాల ప్రస్తావన లేదు, మే నెల సంచికలు లేవు" అని తేదీతో రాసిపెట్టకపోతే రెండేళ్ళ తర్వాత అవే సంపుటాలు మళ్ళీ తిరగేస్తారు. నేను తిరగేశాను. రెండోసారి తిరగేస్తున్నానని సంపుటంలో నేను పెట్టిన బస్ టిక్కెట్ కనబడేదాకా తెలియలేదు.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సిన చోటు ఇది. మన సంగీత చరిత్రలో పెద్ద భాగం కళావంతుల (గుళ్ళలో, మేజువాణీల్లో ఆటపాటలు వంశవృత్తిగా ఉన్నవారి) కుటుంబాల స్త్రీలది. మద్రాసు రాష్ట్రంలో 1947లో దేవదాసీ నిషేధ చట్టం వచ్చాక చాలా కుటుంబాలు ఆ గతాన్ని వదిలేసి, పేర్లు మార్చుకుని బతికాయి. ఒక మామ్మగారు మీకు నమ్మి చెప్పింది ఆవిడ మనవలకే తెలియకపోవచ్చు. అందుకే ప్రతి చీటీకీ 'బయటపెట్టవచ్చా' అనే గడి ఉండాలి: అవును, పేరు లేకుండా, వద్దు. 'వద్దు' అన్నవి వేరే ఫైల్లో పెట్టండి, ఎవరితోనూ షేర్ చేయకండి. అనుమతి రికార్డింగు మొదట్లోనే అడిగి, వాళ్ళ గొంతులోనే తీసుకోండి. మాట్లాడాక ఇంకోసారి అడగండి, ఎందుకంటే మొదట్లో సరేనన్నవాళ్ళకి చెప్పాక భయమేస్తుంది. తాగుడు, అప్పులు, ఎవరు ఎవరి మేళం నుంచి ఎందుకు వెళ్ళిపోయారు, వీటికీ ఇదే పద్ధతి.

సాఫ్ట్‌వేర్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఎక్సెల్ అయినా, గూగుల్ షీట్స్ అయినా సరిపోతుంది. రిజిస్టరు, చీటీలు, మనుషులు, ఊళ్ళు, మొత్తం నాలుగు షీట్లు. ఒక్కటి మాత్రం పట్టుబట్టి చెబుతాను: టైపు చేసేదంతా యూనికోడ్‌లోనే చేయండి. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించిన ఫైళ్ళు మీ నోటు పుస్తకాల తాలూకువి ఉంటే ముందు వాటిని మార్పించండి. అవి తెరమీద తెలుగులా కనబడినా కంప్యూటర్‌కి పిచ్చి గీతలే, వెతికితే ఏదీ దొరకదు. మార్చాక ఒత్తులూ పొల్లులూ ఒకసారి చదివి సరిచూసుకోవాలి. ఫైళ్ళ పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో, తేదీ సంవత్సరంతో మొదలయ్యేలా పెట్టండి. అప్పుడు వాటంతటవే వరసలో ఉంటాయి. మొత్తానికి మూడు నకళ్ళు ఉంచండి, అందులో ఒకటి వేరే ఇంట్లో. నాదొకటి మా చెల్లెలి బీరువాలో ఉంటుంది, ప్రతి సంక్రాంతికీ వెళ్ళినప్పుడు మార్చి వస్తాను.

రెండేళ్ళ పోగు ఒక్కసారిగా సర్దలేరు. ముందు రిజిస్టరు మాత్రం పూర్తి చేయండి, అది నాలుగైదు ఆదివారాల పని. చీటీలు మీరు రాయబోయే మొదటి అధ్యాయానికి కావలసినవే రాయండి. మూడు నోటు పుస్తకాలనీ మళ్ళీ ఎత్తి రాయొద్దు. పేజీలకి నంబర్లు వేసి, పుస్తకానికో నంబరిచ్చి, పేజీలు ఫోటో తీసి పెట్టుకుంటే చీటీలో "నో-2, పేజీ 37" అని చూపిస్తే సరిపోతుంది.

ఇక ఆ హార్మోనిస్టుగారు. తొంభై దాటినాయన దగ్గరికి ఖాళీ చేతులతో, ప్రశ్నల జాబితాతో వెళ్ళకండి. మీ దగ్గరున్న ఫోటోల్లో మనుషులెవరో తెలియనివి ఓ పది పెద్ద సైజులో ప్రింటు తీయించండి. వెనక పెన్సిల్‌తో ఫోటో నంబరు వేయండి. ప్రతి మనిషి మీదా చిన్న అంకె వేసిన ఇంకో ప్రింటు మీ దగ్గర ఉంచుకోండి. "ఎడమ నుంచి రెండో ఆయన" అంటే ఎవరి ఎడమో తర్వాత తేలదు, "మూడో నంబరు" అంటే తేలుతుంది. ఉదయం పూట వెళ్ళండి, గంట మించి కూర్చోవద్దు. ఫాను ఆపమని అడగడానికి మొహమాటపడకండి, రికార్డింగు మొత్తం ఆ హోరే ఉంటుంది. ఇంట్లో హార్మోనియం ఉంటే, వాయించినా వాయించకపోయినా, ఆయన చేతికి అందే దూరంలో పెట్టమనండి. ఒకాయన నాతో గంటసేపు "ఏమీ గుర్తులేదు బాబూ" అంటూనే ఉన్నారు. మనవరాలు పెట్టె తెచ్చి ముందు పెట్టాక దాని గాలితిత్తి మీద చెయ్యేసి, ఏ సీనుకి ఏ పద్యం, ఎవరు ఏ శ్రుతి అడిగేవారు, ఎవరు తాళం తప్పేవారు, వరసగా నలభై నిమిషాలు చెప్పారు. అది నా రిజిస్టర్లో ము-58. ము-59 లేదు. రెండోసారి వెళ్ళేసరికి ఆయన లేరు.